క్లౌడ్‌కి మారాలా వద్దా: అకౌంట్స్ చూసే మనిషికి అర్థమయ్యేలా

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెప్తాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. మీ ఆఫీసులో ఎనిమిదేళ్ల నాటి సర్వర్ ఒకటుంది. అకౌంట్స్ ప్యాకేజీ, అందరి ఫైళ్లు, పాత స్కాన్ కాపీలు అన్నీ అందులోనే. ఈమధ్య రెండుసార్లు మొరాయించింది. కొత్తది కొందామంటే "ఈ రోజుల్లో సర్వర్ ఎవరు కొంటున్నారు, అంతా క్లౌడ్‌లో పెట్టేద్దాం" అని మీ పైవాళ్లు అంటున్నారు. మీకు కంప్యూటర్ చదువు లేదు, కానీ రేపు నెలనెలా ఆ బిల్లు పాస్ చెయ్యాల్సింది మీరే. అందుకని క్లౌడ్ అంటే అసలేంటి, లాభమేంటి, నష్టమేంటి అని అడిగారు.

నేను పదిహేడేళ్లుగా ఈ పనిలోనే ఉన్నానండీ. మొదటి ఆరేళ్లు సొంత సర్వర్ రూముల్లో, ఆ తర్వాత ఎక్కువగా క్లౌడ్‌లో. సర్వర్ రూము ఖాళీ చేసి క్లౌడ్‌కి తీసుకెళ్లిన పనులు చేశాను, రెండేళ్ల తర్వాత బిల్లు చూసి బెంబేలెత్తి మళ్లీ వెనక్కి తెచ్చుకున్నవాళ్లకీ చేసిపెట్టాను. కాబట్టి నాకు ఎటువైపూ పట్టుదల లేదు. కొంచెం పెద్ద జవాబే అవుతుంది, తీరిగ్గా చదవండి.

పేరు చూసి ఏదో గాల్లో ఉంటుందనుకోకండి. నెట్‌వర్క్ ఇంజినీర్లు కాగితం మీద బొమ్మలు గీసేటప్పుడు, తమ చేతిలో లేని నెట్‌వర్కంతటికీ ఒక మబ్బు బొమ్మ వేసి ఊరుకునేవాళ్లు, దాని లోపల ఏం జరుగుతుందో మనకెందుకులే అని. ఆ మబ్బే పేరుగా మిగిలిపోయింది. అసలు సరుకు నేల మీదే ఉంటుంది. గోదాముల్లాంటి భవనాలు, వరసల్లో ర్యాకులు, ఒక్కో ర్యాకులో పదుల కొద్దీ సర్వర్లు, వాటిని చల్లబరిచే యంత్రాలు, కరెంటు పోతే ముందు బ్యాటరీలు, ఆ తర్వాత డీజిల్ జనరేటర్లు. నేను మొదటిసారి అలాంటి హాల్లోకి వెళ్లినప్పుడు ఫ్యాన్ల హోరుకి పక్కనున్న మనిషి చెప్పేది వినపడక, చేతులతో సైగలు చేసుకుంటూ పని ముగించుకొచ్చాం. మీ పైవాళ్లు అంటున్న క్లౌడ్ అదే. అలాంటి భవనంలో (దాన్నే డేటా సెంటర్ అంటారు) కొంత భాగాన్ని ఇంటర్నెట్ మీద అద్దెకు తీసుకోవడం.

ఈ ఆలోచన పాతదే. కంప్యూటర్ శక్తిని టెలిఫోన్‌లాగా అందరికీ పంచే సేవగా ఒకరోజు అమ్ముకోవచ్చని కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ మెకార్తీ 1961లోనే అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఒక ప్రసంగంలో అన్నారు. ఒకే యంత్రాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కా విడి కంప్యూటర్‌లా పనిచేసేలా చెయ్యడం ఐబీఎం మెయిన్‌ఫ్రేముల (అప్పటి పెద్ద కంప్యూటర్ల) మీద 1960ల్లోనే మొదలైంది, 1972లో వీఎం/370 పేరుతో మార్కెట్లోకి వచ్చింది. 1999లో వీఎమ్‌వేర్ అనే కంపెనీ ఆ పనిని మామూలు పీసీల మీదకి తెచ్చింది. ఈ ముక్కల్నే వర్చువల్ మెషీన్లు అంటారు, ముక్కలు చేసే సాఫ్ట్‌వేర్‌ని హైపర్‌వైజర్ అంటారు. మీకు ఇంతకంటే లోతు అక్కర్లేదు. మీరు అద్దెకు తీసుకున్న "సర్వర్" ఒక పెద్ద యంత్రంలో ఒక వాటా అనీ, పక్క వాటాలో ఇంకెవరో ఉంటారనీ, మధ్యలో గోడ సాఫ్ట్‌వేర్‌దేననీ గుర్తుంటే చాలు.

ఇప్పుడు మనం చూస్తున్న రూపంలో వ్యాపారం మొదలైంది 2006లో. ఆ ఏడాది మార్చిలో అమెజాన్ ఎస్‌త్రీ అనే స్టోరేజీని, ఆగస్టులో ఈసీటూ అనే గంటల లెక్క అద్దె కంప్యూటర్లని తెచ్చింది. 2008లో గూగుల్ యాప్ ఇంజిన్, 2010లో మైక్రోసాఫ్ట్ అజూర్ వచ్చాయి. ఈ ముగ్గురే ఇప్పటికీ పెద్ద తలకాయలు. చిన్న ప్రొవైడర్లు చాలామంది ఉన్నారు, చిన్న అవసరాలకి కొన్నిసార్లు వాళ్లే చవక కూడా.

దగ్గర్నుంచి చూస్తే ఎలా ఉంటుందో చెప్తాను. ఒక వెబ్ పేజీలోకి లాగిన్ అవుతారు. ఫారం ఒకటొస్తుంది: ఏ ప్రాంతపు డేటా సెంటర్, ఎన్ని ప్రాసెసర్లు, మెమరీ ఎంత, డిస్కు ఎంత, విండోసా లినక్సా. నింపి బటన్ నొక్కితే "పెండింగ్" అని ఒక్క క్షణం కనిపిస్తుంది, కాఫీ కప్పు చేతిలోకి తీసుకునేలోపు "రన్నింగ్" అని పచ్చచుక్క వెలుగుతుంది. ఒక అడ్రస్ ఇస్తారు. దానికి కనెక్ట్ అయితే మీ ఎదురుగా ఖాళీ సర్వర్ సిద్ధంగా ఉంటుంది. ఇదే పని నేను సర్వర్ రూములో ఉన్నప్పుడు ఎలా జరిగేదో వినండి: మూడు కొటేషన్లు తెప్పించాలి, పైన సంతకాలు కావాలి, ఆర్డర్ పెట్టాలి, ఆరు వారాలు ఎదురుచూడాలి, తీరా వచ్చాక ర్యాకు పట్టాలు ఒక సైజు తేడా వచ్చి ఇంకో వారం. మొదటిసారి ఆ పచ్చచుక్క చూసినప్పుడు నాకు నిజంగా నమ్మబుద్ధి కాలేదు.

అయితే అదే పేజీలో ఇంకో బటన్ ఉంటుంది, టెర్మినేట్ అని. నొక్కితే ఆ మెషీన్ పోతుంది, దాని గంటల మీటరు ఆగిపోతుంది. అకౌంట్స్ మనిషిగా మీరు ఈ రెండో బటన్నే చూడాలి. డబ్బు విషయంలో క్లౌడ్ చేసే మేలంతా "అక్కర్లేనప్పుడు తిరిగి ఇచ్చెయ్యొచ్చు" అన్న దాంట్లోంచే వస్తుంది, అందుకే గంట లెక్కన చూస్తే ధర ఎక్కువైనా మొత్తం మీద గిట్టుబాటవుతుంది. తిరిగి ఇవ్వకుండా అట్టిపెట్టుకుంటే లాడ్జిలో గది తీసుకుని ఐదేళ్లు కాపురం పెట్టినట్టే. నేను చూసిన బిల్లు గొడవల్లో పదింట తొమ్మిది ఇక్కడే పుట్టాయి.

అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2011లో క్లౌడ్‌కి ఒక నిర్వచనం రాసింది, ఇప్పటికీ అందరూ దాన్నే పట్టుకుంటారు. ఎవరినీ అడక్కుండా మనమే తీసుకోగలగాలి, నెట్‌వర్క్ మీద ఎక్కడినుంచైనా అందాలి, సరుకు చాలామంది మధ్య పంచుకునేదై ఉండాలి, పెంచడం తగ్గించడం చకచకా జరగాలి, వాడకానికి మీటరు ఉండాలి. ఎవరైనా తమ సర్వర్‌ని ఇంటర్నెట్‌కి తగిలించి "మాది క్లౌడ్" అని అమ్మజూపితే ఈ ఐదూ అడగండి. పెంచడానికి ఫోన్ చెయ్యాలి, తగ్గించాలంటే ఏడాది ఆగాలి అంటే అది నెలవారీ సర్వర్ అద్దెకిచ్చే పాత హోస్టింగే, బోర్డు మార్చారంతే.

ఆ నిర్వచనంలోనే మూడు రకాల సేవలున్నాయి. ఖాళీ యంత్రం మాత్రమే ఇచ్చేది మొదటి రకం, దాని మీద విండోస్ అప్‌డేట్ల దగ్గర్నుంచి అన్నీ మనవే. రెండో రకంలో యంత్రంతో పాటు దాన్ని చూసుకునే పని కూడా వాళ్లదే, మనం ప్రోగ్రామో డేటానో పెడితే చాలు. మూడో రకం పూర్తిగా తయారైన సాఫ్ట్‌వేర్, లాగిన్ అయి వాడుకోవడమే. జీమెయిల్ ఆ మూడో రకమే, అంటే మీరు ఎప్పటినుంచో క్లౌడ్‌లోనే ఉన్నారు. ఈ తేడా మీకెందుకంటే, "క్లౌడ్‌కి మారదాం" అని మీటింగులో అన్నప్పుడు ఒక్కొక్కరి మనసులో ఒక్కో రకం ఉంటుంది. మీ పైవాళ్లు మూడోదాన్ని ఊహించుకుంటుంటే కొటేషన్ ఇచ్చేవాడు మొదటిదానికి ధర రాస్తాడు, విండోస్ అప్‌డేట్ ఎవరు చెయ్యాలన్న దగ్గర ఆర్నెల్ల తర్వాత గొడవ మొదలవుతుంది. మొదటి ప్రశ్నే అది అడగండి.

ఇక లాభాలు. ముందుగా పెద్ద మొత్తం పెట్టుబడి పెట్టక్కర్లేదు, వాడిన కొద్దీ కట్టొచ్చు అనేది అందరూ చెప్పేదే, నిజమే కూడా. లోడు (సర్వర్ మీద పడే పని భారం) పెరిగి తరిగే పనులకి దీన్ని మించింది లేదు. ఒక ఫలితాల సైటు ఉందనుకోండి, ఏడాదిలో మూడు రోజులే రద్దీ. సొంత సర్వర్లయితే ఆ మూడు రోజులకి సరిపడా కొని మిగతా ఏడాదంతా దుమ్ము పట్టించాలి. క్లౌడ్‌లో ఆ మూడు రోజులకి యాభై మెషీన్లు తెచ్చుకుని నాలుగో రోజు రెండుకి దించెయ్యొచ్చు. కొత్తగా ఏదైనా ప్రయత్నించి చూడాలన్నా అంతే, కుదరకపోతే పారేసినా పోయేది రెండు రోజుల అద్దె.

కానీ మీలాంటి చిన్న ఆఫీసుకి అసలు లాభం వేరే చోట ఉందని నా అభిప్రాయం. అర్ధరాత్రి డిస్కు పోతే లేచి పరిగెత్తేది వేరేవాళ్లు. నా మొదటి ఉద్యోగంలో ఏసీ ఆగిపోయి సర్వర్ రూము వేడెక్కిపోతే, తెల్లవారుజామున మూడింటికి తలుపులు తెరిచి, బల్ల ఫ్యాన్లు పెట్టి, ఏ సర్వర్‌ని ముందు ఆపాలో కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నాం. ఆ టెన్షన్ నాకు మళ్లీ రాలేదు. రెండో రకం సేవల్లో డేటాబేస్ తీసుకుంటే రోజువారీ బ్యాకప్పులు, సెక్యూరిటీ అప్‌డేట్లు, ఒక యంత్రం పడిపోతే ఇంకోదానికి మారడం ఇవన్నీ చాలావరకు వాళ్లే చూసుకుంటారు. ఈ పనులన్నీ సొంతంగా సరిగ్గా చెయ్యాలంటే ఒక మంచి మనిషిని పూర్తి జీతం ఇచ్చి పెట్టుకోవాలి. అలాంటి మనిషి మీ ఆఫీసులో లేడని మీ సర్వర్ ఎనిమిదేళ్ల వయసే చెప్తోంది, ఏమీ అనుకోకండి.

నెట్‌ఫ్లిక్స్ కథ చాలామంది చెప్తారు గానీ సగమే చెప్తారు. 2008 ఆగస్టులో వాళ్ల డేటాబేస్ పాడై మూడు రోజులపాటు సభ్యులకి పోస్టులో అద్దె డీవీడీలు పంపలేకపోయారు. ఆ దెబ్బతో క్లౌడ్‌కి మారాలని నిర్ణయించుకున్నారు. ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు. ఆ మారడం పూర్తయింది 2016 జనవరిలో. ఏడేళ్లు పట్టింది, అదీ వాళ్లకున్నంత మంది ఇంజినీర్లతో. ఉన్న పాత సాఫ్ట్‌వేర్‌ని ఎత్తి అవతల పెడితే క్లౌడ్‌లోని మంచి గుణాలేవీ దానికి అబ్బవని వాళ్లు ముందే గ్రహించి, చాలాభాగం తిరగరాసుకున్నారు.

ఈ "ఎత్తి అవతల పెట్టడం" దగ్గరే మీ అకౌంట్స్ ప్యాకేజీ ఇబ్బంది పెట్టొచ్చు. పాత ప్యాకేజీలు ఆఫీసు లోపలి నెట్‌వర్క్ కోసం రాసినవి, ఒక రిపోర్టు తియ్యడానికి డేటాబేస్‌ని చిన్నచిన్న ప్రశ్నలుగా వేలసార్లు అడుగుతాయి. ఆఫీసులో ఒక్కో ప్రశ్నకి పోయిరావడానికి మిల్లీసెకను (సెకనులో వెయ్యో వంతు) కూడా పట్టదు కాబట్టి తెలీదు. ఇప్పుడు డేటాబేస్‌ని దూరంగా పెట్టండి. ఫైబర్‌లో వెలుతురు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే వెయ్యి కిలోమీటర్ల దూరానికి పోయిరావడానికే కనీసం 10 మిల్లీసెకన్లు, మధ్యలో పరికరాలన్నీ కలిపితే 30 అనుకుందాం. రిపోర్టు 2,000 ప్రశ్నలడిగితే 60 సెకన్లు. నిన్నటిదాకా రెండు సెకన్లలో వచ్చిన ట్రయల్ బ్యాలెన్స్‌కి ఇవాళ నిమిషం. ఎన్ని పెద్ద మెషీన్లు తీసుకున్నా ఈ నిమిషం తగ్గదు, ఎందుకంటే ఆలస్యం మెషీన్‌లో లేదు, దారిలో ఉంది. ప్యాకేజీని, డేటాబేస్‌ని రెండింటినీ ఒకేచోట పెట్టి, స్క్రీన్ మాత్రమే మీ దగ్గరికి వచ్చేలా చేసుకుంటే సర్దుకుంటుంది. లేదా ఆ ప్యాకేజీ కంపెనీ వాళ్లే క్లౌడ్ వెర్షన్ ఇస్తుంటే దానికి మారిపోవడం ఇంకా మంచిది.

బిల్లు గురించి కాస్త ఎక్కువే చెప్తాను, మీ పని అదే కాబట్టి. నెలకి సగటున 730 గంటలు. ఆఫీసు పనిచేసేది రోజుకి 8 గంటలు, 22 రోజులు, మొత్తం 176. అంటే పగలు మాత్రమే కావాల్సిన మెషీన్‌ని రాత్రిళ్లూ సెలవుల్లోనూ ఆపేస్తే నడిచేది పావువంతు సమయమే. ఇది షెడ్యూల్ పెడితే దానంతటదే జరుగుతుంది, అయినా పెట్టేవాళ్లు తక్కువ. ఇంకోటి, మెషీన్ ఆపినా డిస్కుకి అద్దె పడుతూనే ఉంటుంది. మెషీన్‌ని డిలీట్ చేశాక కూడా దాని డిస్కు, స్నాప్‌షాట్లు (డిస్కు ఒక సమయంలో ఎలా ఉందో తీసిపెట్టిన కాపీలు) విడిగా మిగిలిపోయి నెలల తరబడి బిల్లులో కూర్చుంటాయి. ఎవరిదో ఎవరికీ తెలీదు, తీసెయ్యాలంటే భయం. అందుకే మొదటి రోజునుంచే ప్రతిదానికీ ట్యాగు తగిలించమనండి, ఎవరిది, దేనికి, ఎప్పటిదాకా అని.

నా అనుభవంలో అన్నిటికంటే వింత బిల్లు ఒక లాగ్ ఫైలుది. మేం పనిచేస్తున్న ఒక ప్రాజెక్టులో ఏదో తప్పు పట్టుకోవడానికి మా కుర్రాడు ప్రోగ్రాం చేసే ప్రతి చిన్న పనీ నమోదయ్యేలా సెట్టింగు మార్చాడు. తప్పు అదే సాయంత్రం దొరికింది. సెట్టింగు వెనక్కి మార్చడం మర్చిపోయాడు. నెలాఖరుకి చూస్తే ఆ రాతలన్నీ దాచిపెట్టినందుకు పడిన చార్జీ అసలు సర్వర్లన్నిటి అద్దెని దాటింది. ఒక్క అలారం ఉంటే మర్నాడే తెలిసేది. బడ్జెట్ అలర్టులు ప్రతి ప్రొవైడర్ దగ్గరా ఉంటాయి, పెట్టించండి. అయితే ఒక మాట, అలర్ట్ అంటే మెయిల్ మాత్రమే, గీత దాటగానే మీటరు దానంతటదే ఆగదు. నేను ఆ మెయిల్ టెక్నికల్ వాళ్లతో పాటు అకౌంట్స్‌కి కూడా వచ్చేలా పెట్టమంటాను. టెక్నికల్ వాళ్లకి రోజుకి వంద అలర్టులొస్తాయి, అందులో ఇదొకటైపోతుంది.

డేటా లోపలికి పంపడం సాధారణంగా ఉచితం, బయటికి తీసుకుంటే మాత్రం గిగాబైట్ల లెక్కన చార్జీ. కొటేషన్లలో ఈ లైను తరచూ ఉండదు. రోజూ పెద్ద ఫైళ్లు దించుకునే ఆఫీసులకి ఇది గట్టిగానే తగులుతుంది. పూర్తిగా వదిలి వెళ్లిపోయే కస్టమర్లకి ఈ చార్జీ మాఫీ చేస్తామని 2024లో ఆ ముగ్గురు పెద్దవాళ్లూ ప్రకటించారు. యూరప్‌లో 2025 సెప్టెంబరు నుంచి అమలవుతున్న డేటా యాక్ట్ ప్రకారం 2027 జనవరి నుంచి ప్రొవైడర్ మారినందుకు ప్రత్యేకంగా వసూలు చెయ్యకూడదు. మంచిదే. కానీ వదిలి వెళ్లడంలో అసలు ఖర్చు ఆ చార్జీ కానే కాదు. ఒకరి దగ్గరే దొరికే ప్రత్యేక సేవల మీద ప్రోగ్రాములు కట్టుకుంటే, ఇంకొకరి దగ్గరికి పోవాలన్నప్పుడు వాటిని తిరగరాయాలి. మామూలు లినక్స్ మెషీన్, పోస్ట్‌గ్రెస్ లాంటి అందరి దగ్గరా దొరికే డేటాబేస్, వీటి మీద ఉంటే కదలడం సులువు.

స్థిరంగా, ఏడాది పొడవునా ఒకే లోడుతో నడిచే పనికి క్లౌడ్ చవక అని ఎవరన్నా అంటే లెక్క చూపించమనండి. ఫైళ్లు దాచిపెట్టే సేవ నడిపే డ్రాప్‌బాక్స్ తమ యూజర్ల డేటాలో ఎక్కువ భాగాన్ని అమెజాన్ నుంచి తీసి సొంత యంత్రాల మీదకి తెచ్చుకుంది, దానివల్ల 2016, 2017 రెండేళ్లలో కలిపి దాదాపు 7.5 కోట్ల డాలర్ల ఖర్చు తగ్గిందని వాళ్ల షేర్ల జారీ పత్రాల్లోనే ఉంది. మీరు డ్రాప్‌బాక్స్ కాదు, నిజమే. కానీ సూత్రం చిన్నవాళ్లకీ వర్తిస్తుంది. ఒకటి లేదా మూడేళ్లు కచ్చితంగా వాడతామని ముందే ఒప్పుకుంటే క్లౌడ్ వాళ్లు బాగా తగ్గిస్తారు, పోల్చేటప్పుడు ఆ ధరతోనే పోల్చండి. ఇటువైపు సర్వర్ ఖరీదు ఒక్కటే వెయ్యకుండా కరెంటు, ఏసీ, యూపీఎస్ బ్యాటరీలు, చూసుకునే మనిషి సమయం కూడా వెయ్యండి. ఈ రెండూ నిజాయితీగా వేసిన పోలిక నాకు చాలా అరుదుగా కనిపించింది, ఎవరికి కావాల్సిన వైపు వాళ్లు సున్నాలు కలుపుతారు.

ఆగిపోవడం గురించి. 99.9 శాతం అందుబాటు అని ఒప్పందంలో రాస్తే ఏడాదికి 8 గంటల 45 నిమిషాలు ఆగినా వాళ్లు మాట తప్పినట్టు కాదు. 99.99 అంటే 52 నిమిషాలు. అది దాటితే ఇచ్చే పరిహారం మీ బిల్లులో కొంత తగ్గింపు, మీ వ్యాపారానికి జరిగిన నష్టం వాళ్లు కట్టరు. పెద్దవాళ్లు కూడా ఆగుతారు. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్‌త్రీలో ఒక ఉద్యోగి, కొన్ని సర్వర్లని తప్పించడానికి ఇచ్చిన కమాండ్‌లో ఒక వివరం తప్పు కొట్టడంతో అనుకున్నదానికంటే చాలా ఎక్కువ సర్వర్లు పోయి, ఆ రీజియన్ (ఒక ప్రాంతంలోని డేటా సెంటర్ల గుంపు) మీద ఆధారపడిన బోలెడన్ని సైట్లు దాదాపు నాలుగు గంటలు పడిపోయాయి. ఏది ఆగిందో చూపించాల్సిన వాళ్ల స్టేటస్ పేజీ కూడా ఎస్‌త్రీ మీదే ఆధారపడటం వల్ల అది కాసేపు అంతా పచ్చగానే చూపిస్తూ కూర్చుంది. అయినా నిజం చెప్పాలంటే, నేను నడిపిన సర్వర్ రూములు వీళ్లకంటే ఎక్కువసార్లే ఆగాయి. తేడా ఏంటంటే అప్పుడు స్క్రూడ్రైవర్ నా చేతిలో ఉండేది, ఇప్పుడు పేజీ రిఫ్రెష్ చేస్తూ కూర్చోవడం తప్ప చేసేదేమీ ఉండదు. మీ వైపు ఇంటర్నెట్ పోయినా ఫలితం అదే, కాబట్టి వేరే కంపెనీ నుంచి రెండో కనెక్షన్ ఖర్చు కూడా క్లౌడ్ ఖర్చులోనే రాసుకోండి.

"క్లౌడ్‌లో ఉంది కదా, బ్యాకప్ ఎందుకు?" ఈ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ భవనం ఒకటి పూర్తిగా తగలబడింది. బ్యాకప్ అసలు లేనివాళ్లు, అదే ఆవరణలో పెట్టుకున్నవాళ్లు డేటా పోగొట్టుకున్నారు. 2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే కంపెనీ క్లౌడ్ కంట్రోల్ పేజీలోకి దొంగ ఒకడు చొరబడి డబ్బడిగాడు. వాళ్లు పాస్‌వర్డులు మార్చి అతన్ని బయటికి నెట్టబోతే, ముందే చేసిపెట్టుకున్న వేరే లాగిన్లతో వచ్చి డేటాతో పాటు బ్యాకప్పులు కూడా తుడిచేశాడు, ఎందుకంటే అన్నీ ఒకే అకౌంటు కింద ఉన్నాయి. కంపెనీ మూతపడింది. 2024 మేలో ఆస్ట్రేలియా పెన్షన్ ఫండ్ యూనీసూపర్ విషయంలో గూగుల్ వైపునుంచే పొరపాటు జరిగింది, సెటప్ చేసేటప్పుడు ఒక గడి ఖాళీగా వదిలేసినందువల్ల వాళ్లకి ప్రత్యేకించి ఇచ్చిన ప్రైవేట్ క్లౌడ్ మొత్తం డిలీటైపోయింది. సభ్యులు వారం దాకా ఖాతాలు చూసుకోలేకపోయారు. కానీ వాళ్లు వేరే ప్రొవైడర్ దగ్గర కూడా బ్యాకప్ ఉంచుకున్నారు, తిరిగి నిలబడగలిగారు. మంట, దొంగ, ఖాళీ గడి, మూడింటికీ మందు ఒకటే: ఇంకో కాపీ ఇంకో చోట, ఇంకో పాస్‌వర్డు కింద.

సెక్యూరిటీ మీద రెండే ముక్కలు. భవనం, యంత్రాలు, హైపర్‌వైజర్ గోడ వాళ్ల బాధ్యత, అది వాళ్లు మనకంటే చాలా బాగా చేస్తారు. ఏ తలుపు ఎవరికి తెరిచి ఉంచామన్నది మన బాధ్యత, మనం దొరికిపోయేది అక్కడే. ఫైళ్లు దాచే అరని (దాన్నే బకెట్ అంటారు) "ఎవరైనా చూడొచ్చు" అని వదిలెయ్యడం ఎంత మామూలైపోయిందంటే, 2023 ఏప్రిల్ నుంచి అమెజాన్ కొత్త బకెట్లకి ఆ దారి మూసేసే ఇస్తోంది. నాకు తెలిసిన ఒక టీమ్‌లో యాక్సెస్ కీ (ప్రోగ్రాములు వాడే పాస్‌వర్డు లాంటిది) పొరపాటున అందరికీ కనిపించే కోడ్‌లోకి పోయింది. అలాంటి కీల కోసం దొంగల బాట్లు (దానంతటదే నడిచే ప్రోగ్రాములు) నిరంతరం వెతుకుతుంటాయి. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి వాళ్లు ఎప్పుడూ వాడని ఖండాల్లో డజన్ల కొద్దీ పెద్ద మెషీన్లు దొంగల కోసం క్రిప్టో మైనింగ్ (డిజిటల్ డబ్బు సంపాదించే లెక్కలు) చేస్తున్నాయి. బతిమాలితే ప్రొవైడర్ చాలావరకు మాఫీ చేశాడు గానీ అలా చెయ్యాలని రూలేమీ లేదు. రెండంచెల లాగిన్ తప్పనిసరి, మాస్టర్ అకౌంటు రోజువారీ పనికి వాడకూడదు. కస్టమర్ల వ్యక్తిగత వివరాలు మీ దగ్గరుంటే, అవి ఏ దేశంలో ఉండాలన్న చట్టం మీ వ్యాపారానికి వర్తిస్తుందేమో ఒకసారి లాయర్‌ని అడగండి, రీజియన్ ఎంచుకునేది దాన్నిబట్టే.

ఇప్పుడు మీ సంగతి. మీరు చెప్పినదాన్నిబట్టి నేనైతే అంతా ఒకేసారి మార్చను. మెయిల్, రోజువారీ ఫైళ్లు తయారుగా దొరికే సేవలకి ముందు పంపేస్తాను, అక్కడ ఆలోచించేదేమీ లేదు. పాత స్కాన్ కాపీలు చవకైన స్టోరేజీలోకి. ఒక టెరాబైట్ డేటా 100 ఎంబీపీఎస్ లైను మీద ఎక్కించడానికి ఏ అడ్డూ లేకపోతేనే 22 గంటలు పడుతుంది, కాబట్టి శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టండి. అకౌంట్స్ ప్యాకేజీని మాత్రం చివరికి ఉంచి, ముందు ఒక నెలరోజులు ట్రయల్‌గా క్లౌడ్ మెషీన్ మీద నడిపించండి, అదీ నెలాఖరు మూసే రోజులు కలిసేలా. నెల మధ్యలో చూస్తే ఏ సిస్టమైనా బాగానే ఉంటుంది.

పాత సర్వర్‌ని మారిన మర్నాడే అమ్మెయ్యకండి, మూడు నెలలు పక్కన ఉంచండి. ఆ మూడు నెలల్లో ఒకరోజు, ముందుగా చెప్పకుండా, "పోయిన మంగళవారం నాటి లెడ్జర్ ఫైలు బ్యాకప్‌లోంచి తీసి నాకు చూపించండి" అని ఐటీ వాళ్లని అడిగి గడియారం చూసుకోండి. నాకు తెలిసిన ఒకచోట బ్యాకప్ రిపోర్టు రెండేళ్లపాటు రోజూ "సక్సెస్" అని వచ్చింది, తీరా తియ్యబోతే ఖాళీ ఫోల్డర్‌ని బ్యాకప్ చేస్తోంది. మీ దగ్గర మొత్తం డేటా ఎంతుందో, ఎంతమంది ఒకేసారి వాడతారో, అకౌంట్స్ ప్యాకేజీ పేరేంటో చెప్పండి, మూడేళ్ల లెక్క రెండువైపులా వేసి ఇక్కడే పెడతాను.